నూరు కోళ్ల మందు

నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.
మా అత్త మరిడమ్మ గంపలో ఇసుక పోసి
పైన ఎండుగడ్డి పరిచి
పదమూడు గుడ్లు పేరుస్తుంటే
చీపురు చేత్తో పట్టుకు చూశాను.
పన్నెండైతే ఏం, అన్నాను.
ఆవిడ మాట్లాడలేదు.
ఉరుముకి గుడ్లు మురుగుతాయని
ఒక బొగ్గూ, తుప్పుమేకూ పక్కన పెట్టి
పెట్టను పొదగేసింది.

ఏడో రాత్రి దీపానికి అడ్డంగా గుడ్డు పట్టి
నా తల వంచి చూపించింది:
లోపల ఎర్రటి సాలీడు, కాళ్లు చాపుకుని.
సాలీడు లేనిది కూరకి.
అంతే పాఠం.

మిగతాది లంకే నేర్పింది.
గద్ద నీడ పడితే పెట్ట ఏ గొంతుతో అరుస్తుందో,
ముంగిసకి ఏ గొంతో,
గోదారి పొంగే ముందు రాత్రి
కోళ్లు గూట్లోకి పోక కొబ్బరిమట్టల మీద కూర్చుంటే
బియ్యం డబ్బా అటకెక్కించాలని.

కొక్కెర తెగులు మాత్రం ఎవరికీ లొంగలేదు.
తెల్లారేసరికి మెడలు వెనక్కి మెలితిరిగి
పచ్చటి రెట్టలో పడి
పద్దెనిమిది పోయాయి ఒక మాఘమాసం.
వెల్లుల్లి, పసుపు, మజ్జిగ, మొక్కు,
ఏదీ మానలేదు మేం.
గోతిలో మట్టి లాగుతూ
"నాకు తెలిసిందింతే" అంది అత్త.
ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు.

రాజోలు నుంచి పంటు మీద వచ్చిన పిల్ల, ధనకుమారి,
ఐసు ఫ్లాస్కులోంచి వేలెడు సీసా తీసింది.
"నూరు కోళ్లకి ఇది. కలిపాక రెండు గంటలే.
కంట్లో ఒక్కో చుక్క. మిగిల్తే పారబొయ్యడమే."
నాకున్నవి తొమ్మిది.
మా వీధంతా లెక్కేస్తే డెబ్భై ఒకటి.
నూటికి దగ్గర పడాలంటే
గట్టు కింద వీరవేణి కలవాలి.
మునక్కొమ్మ దగ్గర మాటా మాటా పెరిగి
నాలుగేళ్లు మాకు.

చీకటిపడి, కోళ్లు గూళ్లలో సర్దుకున్నాక
టార్చి పట్టుకుని అత్తే నడిచింది ముందు.
తలుపు కొట్టలేదు.
"కోళ్లున్నాయా?" అంది, ఉప్పు అడిగినట్టు.
లోపల్నుంచి కాసేపు ఏమీ లేదు.
తర్వాత గంప కదిలిన చప్పుడు.

వీరవేణి రెక్కలు పట్టింది, నేను రెప్ప విప్పాను.
చుక్క జారాక కోడి ఒకసారి కన్నార్పింది.
అలాక్కాదు, మెడ కింద చెయ్యెయ్యి, అంది వీరవేణి.
వేశాను.

తొంభై ఆరు దగ్గర కోళ్లైపోయాయి.
సీసా అడుగున మందు ఇంకా మెరుస్తోంది.
అత్త టార్చి ఆర్పకుండా గట్టు చివరికి తిప్పి
"ఆ పూరింట్లో ఎవరో కొత్తగా దిగారు,
నాలుగు పెట్టలన్నా ఉండకపోవు" అంది.