ఓడ మల్లన్న

నైట్‌క్లిఫ్‌లో ఆ సెప్టెంబరు
గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకునుంది.
వాన రావాలి, రాదు.
మెర్విన్ టల్లక్‌కి రాత్రి మందులిచ్చే మనిషిని నేను.
డెబ్బై ఎనిమిదేళ్లు. కుడి మోకాలు లోహం.
టీవీలో దిలీ తగలబడుతోంది,
ఆయన సౌండు తీసేసి చూస్తున్నాడు.

"ఇక్కణ్ణించి సిడ్నీ కన్నా అదే దగ్గర, తెలుసా"
కిటికీ అవతలి చీకటిని చూపించాడు.
ఆ చీకట్లో సముద్రం ఉందని నాకు తెలుసు.

నలభై రెండులో ఆయనకి ఇరవయ్యొకటి.
కొండకి పైనా జపానువాళ్లు, కిందా జపానువాళ్లు.
బెరెమౌ అని ఒక పిల్లవాడు, పదమూడో పద్నాలుగో,
ఆయన మూట మోశాడు, ఆయన తుపాకి మోశాడు,
మలేరియా రాత్రుల్లో ఆయన్నీ మోశాడు.
కాల్చిన మొక్కజొన్న పొత్తు విరిస్తే
పెద్ద ముక్క ఎప్పుడూ ఇటే వచ్చేది.
"నాకు తిండి పెట్టినందుకు వాళ్ల ఊరు తగలెట్టారు"
అని మాత్ర మింగి, నీళ్లు సగం వదిలేశాడు.

ఒక రాత్రి ఓడొచ్చింది. సైనికులకే చోటు.
పిల్లవాడు ఛాతీలోతు నీళ్లదాకా వెంట వచ్చాడు.
"వెళ్తున్నానని చెయ్యెత్తాను.
వాడు నా వేళ్లు లెక్కపెట్టాడు.
ఐదు.
ఐదేమిటనుకున్నాడో,
రోజులా, నెలలా, వానాకాలాలా."

తర్వాత విమానాలు ఆ కొండల మీద కాగితాలు చల్లాయట,
మిమ్మల్ని మరిచిపోము అని.
పొయ్యి రాజేసుకోడానికి పనికొచ్చే ఉంటాయి.

డెబ్బై ఐదులో పక్కదేశం పారాచూట్లేసుకుని దిగినప్పుడు
ఇంకా పెద్ద దేశాలు గడియారం చూసుకున్నాయి.
అప్పటికే పాత శత్రువు కార్లు అమ్మే చుట్టం;
కొత్త చుట్టానికి కోపం వస్తుందేమోనని
ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించి మాట్లాడింది.
ఆ తర్వాతెప్పుడో ఇద్దరు మంత్రులు
ఆ సముద్రం మీదే విమానంలో తిరుగుతూ
అడుగున ఉన్న నూనె పంచుకుని గ్లాసులు తాకించుకున్నారు.
"కింద వాడింకా నీళ్లలోనే ఉన్నాడు" అంటాడు మెర్విన్.
నేను దిండు సర్దుతాను.

మా భాషలో ఒక మాటుంది, చెప్పాను:
ఏరు దాటేదాకా ఓడ మల్లన్న,
దాటాక బోడి మల్లన్న.
మల్లన్న ఎవరని అడిగాడు.
పడవవాడో దేవుడో నాకూ తెలీదు.
బోడి అంటే? నా దగ్గర ఇంగ్లీషు దొరకలేదు,
నా నెత్తి మీద అరచెయ్యి తిప్పి చూపించాను.
దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"మల్లన్న వైపునించి సామెత లేదా?"
వెతికాను.
ఆబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్లు విరిగాయట,
అదీ గట్టు మీద నిలబడ్డవాడు చెప్పిందే.

ఆదివారం నా కారులో తీసుకెళ్లాను.
మిలిటరీ విమానాలు తెచ్చి దించిన జనం,
వరసలు వరసలుగా గుడారాలు,
తాళ్ల మీద ఒకే సైజు తువ్వాళ్లు.
జాబితా పట్టుకు తిరుగుతున్న అమ్మాయి, ఫెలిస్మినా,
మూడు రోజులుగా నిద్ర లేని కళ్లు.
"బెరెమౌ? మా తాతల్లోనే ఇద్దరున్నారు.
ఏ ఊరు?"

మెర్విన్ నోరు తెరిచాడు.
అరవై ఏళ్ల నాటి వాగు గుర్తుంది, మొక్కజొన్న గుర్తుంది,
పిల్లవాడి చెవి వెనక గాటు గుర్తుంది.
ఊరి పేరు అడిగింది లేదు.

ఆ అమ్మాయి కాసేపు ఆగి వెళ్లిపోయింది, పనుంది.
మేం నిలబడ్డది ఏదో క్యూ అని మాకు తెలీదు.
వాలంటీరు కుర్రాడు ముసలాయన చేతిలో
ఒక దుప్పటి పెట్టి, తర్వాతి మనిషికి తిరిగాడు.

బూడిదరంగు, అంచుకి ఎర్ర కుట్టు.
ఆ ఉక్కలో కూడా ఒళ్లోంచి తియ్యనివ్వలేదు.
"ఇదీ తీసేసుకున్నాను చూడు" అన్నాడు.

సిగ్నల్ దగ్గర, వెనక్కి తిప్పనా అని అడిగాను.
లైటు పచ్చబడింది.
వెనకనించి ఎవరో హారన్ కొట్టారు.