ఆవగింజంత

ఆఖరి పంటు మీద తెచ్చారు ఏడుకొండల్ని,
అరటిగెలలు దింపిన తడిచెక్కల మీద పడుకోబెట్టి.
నోటివెంట నురగ. బనీనంతా చెమట.
మనిషి కన్నా ముందు వాసనొచ్చింది గదిలోకి,
వెల్లుల్లీ కిరసనాయిలూ కలిపి నూరినట్టు.
రెప్ప ఎత్తి టార్చి వేశాను.
నల్లగుడ్డు ఆవగింజంత.
అంత ఇరుకు సందులోంచి
లోకం ఏపాటి కనబడుతుందో!

"తాగలేదమ్మా, కొట్టాడు. దోమకి కొడతంటే
గాలి ఎదురు తిరిగింది."
నాగరత్తం అడక్కుండానే చెప్పింది.
డాక్టరుగారు అమలాపురంలో. ఫోన్లో అన్నారు:
"అట్రోపిన్ పెట్టండి సిస్టర్. గుండెల్లో గురగుర ఆగేదాకా
పెడుతూనే ఉండండి."

అంపుల్ మెడ విరిచాను. టిక్కుమంది.
అయిదు నిమిషాలు.
మళ్లీ రెండు. మళ్లీ నాలుగు.

కాకినాడలో మాకు పాఠం చెప్పారు,
దీని పుట్టిల్లు బెల్లడోనా అని ఒక చలిదేశపు మొక్క.
నిగనిగలాడే నల్లటి పండు,
తీపని పిల్లాడు నోట్లో వేసుకుంటే ఇల్లు ఏడ్చేదే.
అక్కడి సొగసుకత్తెలు పూర్వం ఆ రసం కళ్లలో పిండుకునేవారట,
చూపు పోతే పోయింది, కళ్లు పెద్దవవ్వాలని.
వెనక బెంచీలో మేం నవ్వుకున్నాం,
కాటుక కళ్లు ఒత్తుకుంటూ.

అది మా లంకల్లో మొలవదు.
దాని చుట్టం మొలుస్తుంది,
కాలవగట్టున, పెంటపోగు పక్కన, ఎవరూ నీళ్లు పొయ్యకుండా.
ఉమ్మెత్త.
మా సువార్తమ్మ మామ్మ పేరెత్తేది కాదు, "ఆవిడ" అనేది.
"ఆవిడ జోలికెళ్లారంటే కాళ్లిరగ్గొడతా."
తను మాత్రం ఉబ్బసం ముదిరిన రాత్రి
ఎండాకు నలిపి నిప్పుల మీద చల్లి
దుప్పటి ముసుగులో పొగ పీల్చేది.
తెల్లారేసరికి ఆవిడ రొమ్ములో పిల్లికూతలు ఆగేవి.
ఎంత వెయ్యాలో ఎలా తెలుసే మామ్మా అంటే
బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించేది.
"ఇది మందు."
మూడో వేలు దగ్గరికి తెచ్చి,
కలపకుండా ఆపేసేది.

ముప్పయ్యో అంపులుకి నోరెండింది. ఒళ్లు కాలిపోతోంది.
నాడి పరుగందుకుంది.
ఒంటిగంటకి చేతులు లేచాయి.
దుప్పటి మీద నాట్లు వేస్తున్నాడు మనిషి.
గాల్లోంచి నారు పీకి, కట్ట విప్పి,
మూడేసి మొక్కలు, వరస తప్పకుండా.
"ఉమ్మెత్తకాయ తిన్నోడిలా ఏంటమ్మా ఇది!"
"ఇంచుమించు అదే పెట్టాను," అన్నాను.
తమాషా చేస్తున్నాననుకుంది పాపం.

నాటుతూ నాటుతూ లెక్కపెట్టాడు:
"మక్తా ఇరవై బస్తాలు.
దోమ వదిలితే పదమూడు.
ఏడు తక్కువ. ఏడు... ఏడు...
మూత తీశాక భయమేసింది నాగరత్తం."

ఫ్యాను తిరుగుతోంది.
ఆమె దుప్పటి అంచు సర్దింది. నేను సిరంజి కేసి చూశాను.
ఆయన ఇంకో మడిలోకి దిగాడు.

నాలుగున్నరకి చెవి పెడితే
వాన వెలిసిన చూరులా ఉంది ఛాతీ.
టార్చి వేశాను.
ఆవగింజ పెసరగింజై, పెసర కందిగింజై
ఇప్పుడు గుడ్డు నిండా నలుపే.
"చూపు మసగ్గా ఉందండి ఆయ్. వెలుతురు గుచ్చుతోంది."
"రెండ్రోజులు అంతే. పడుకో."

నలభై మూడు అంపుల్ మెడలు చీపురుతో ఎత్తాను.
మొదటి పంటు కూత వేసింది రేవులో.

రిజిస్టరు తెరిస్తే పేరు, ఊరు, వయసు,
ఆ పక్కన కారణం అనే గడి.
పెన్ను పట్టుకున్న
బొటనవేలూ చూపుడువేలూ చూసుకున్నాను కాసేపు.
"గాలి ఎదురు తిరిగింది"
అని రాశాను.