ఇరవై నాలుగు గంటల డబ్బా

ఒక పగలూ ఒక రాత్రీ
ఒంటికి వెళ్ళిన ప్రతిసారీ ఇందులోనే పట్టాలి,
ఒక్క చుక్క నేలపాలు కాకూడదు
అని చెప్పి
మూడు లీటర్ల డబ్బా సంజిం చేతికిచ్చాను.

కొనబోయే గుర్రం పళ్ళు చూసినట్టు
దాన్ని వెలుతురుకేసి ఎత్తి చూశాడు.
"నిండాలా?"
"ఎంత వస్తే అంత."
పొయ్యి దగ్గర ఒయూన్ నవ్వాపుకోలేక
గరిటె జారవిడిచింది.

మొరోన్ ఆసుపత్రి నుంచి జీపులో రెండు రోజులు,
ఆ పైన గుర్రం మీద ఇంకో రోజున్నర.
నా సంచిలో రక్తపోటు యంత్రం, పన్నెండు డబ్బాలు,
"ఉప్పు తగ్గించండి" అని అచ్చేసిన కాగితాలు.
రెయిన్‌డీర్ పాల టీలో ఒయూన్ ఉప్పేస్తుంటే లెక్కపెట్టాను:
ఒక చిటికెడు, ఇంకో చిటికెడు,
వేళ్ళకంటిన కాస్తా కూడా దులిపింది.
రోజుకు పద్నాలుగు గిన్నెలు తాగుతాడట.
పోటు నూట డెబ్బై ఎనిమిది.

చదువుకున్నది చెప్పాను.
ఉప్పు ఒంటరిగా గడప దాటదు,
నీళ్ళను తోడు రమ్మంటుంది.
నడుము వెనక పిడికిలంత కాపలాదార్లు ఇద్దరు
పగలు తోలలేకపోయిన ఉప్పుని
రాత్రి నిన్ను లేపి మరీ తోలుతారు.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు,
తాగినవాడు లేవక తప్పదు.

"లేవకపోతే వాటినెవరు చూస్తారు?" అన్నాడు.
ఎవరినని నేనడగలేదు.
డబ్బాల మీద పేర్లు రాసుకుంటున్నాను.

ఆ రాత్రి టిక్కు టిక్కుమని చప్పుడు.
గుడారం తెర తొలగించి చూస్తే
వెన్నెట్లో సంజిం,
చంకలో డబ్బా, మూత తియ్యకుండా.
చుట్టూ దుప్పులు,
అడుగు తీసి అడుగేస్తే చీలమండల్లో టిక్కుమనే దుప్పులు,
ఒకదాని కొమ్ము ఇంకోదానికి తగలకుండా తలలు వంచి
మంచులో ఆవిర్లు కక్కే పచ్చటి గుంటని
నాకుతున్నాయి.
చెవి చిరిగిన ముసలిది వెనకబడితే
దాని కోసం కాస్త ఆపుకున్నాడు.
అరవై ఏడేళ్ళ మనిషికి
ఆపుకోవడం చిన్న సంగతి కాదు.

పొద్దున డబ్బాలో మూడో వంతు కూడా లేదు.
"మిగతాది?"
"ఈ కొండల్లో ఉప్పెక్కడిదమ్మా.
పాచి తింటాయి, మంచు తింటాయి.
తోడేళ్ళ దారి పట్టకుండా ఇటు తిరిగొస్తున్నాయంటే
నా ఉప్పు తిన్న విశ్వాసం."

నా కాగితంలో దానికి గడి లేదు.
కొలిచింది కొలిచినట్టు రాస్తే
ఉప్పు ముట్టని మునిలా కనిపిస్తాడు.
"నమూనా అసంపూర్ణం" అని రాసి,
కొట్టేసి,
మళ్ళీ అదే రాశాను.

మళ్ళీ వెళ్ళేసరికి ఏడాది.
టీ చప్పబడింది, పోటు నూట నలభై ఆరుకి దిగింది.
"రాత్రిళ్ళు నిద్ర ఎలా ఉంది?"
"బాగా పడుతోంది" అన్నాడు,
పశువు పోయిందని చెప్పే గొంతుతో.

మిగిల్చిన ఉప్పు ఒయూన్ సంచిలో దాస్తోంది.
సాయంత్రం దాన్ని గుప్పిట్లో పోసుకుని పిలుస్తాడు.
అవి వస్తాయి. అరచెయ్యి ఎర్రబడేదాకా నాకుతాయి.
నాకాక కూడా పోవు.
ఇంకేదో ఇవ్వడం మరిచాడన్నట్టు
అతని మొహంకేసి చూస్తూ నిలబడతాయి.
అతను చెయ్యి చొక్కాకి తుడుచుకుని
లోపలికి వచ్చేస్తాడు.

అతిథి టీలో మాత్రం ఒయూన్ చెయ్యి తగ్గించలేదు.
మొహమాటానికి అయిదు గిన్నెలు తాగాను.
అర్ధరాత్రి లేవక తప్పలేదు.
గుడారాలకి దూరంగా, చీకట్లో,
కోటు ఎత్తిపట్టి కూర్చున్నానో లేదో,
టిక్కు,
టిక్కు టిక్కు,
నా వైపే.