నాలుగో గీత

మొదటి దెబ్బకే గోడ తుమ్మించింది.
ముందు ఏసోబుని,
తర్వాత టైల్సు దించుతున్న మున్నాని,
ఆపైన రోడ్డవతల టీ బండి దగ్గర
గ్లాసు నోటిదాకా తెచ్చుకున్న
ముక్కూ మొహం తెలీని మనిషిని.

గుంటూరు, పట్నంబజారు.
ముప్ఫయ్యేళ్లు మిర్చి కమీషను కొట్టు.
ఉగాదిలోపు ఇది
హైమవతి డాక్టరమ్మ కంటి ఆసుపత్రి కావాలి.
దారినపోయేవాళ్లంతా నవ్విపోయారు.
మాకూ నవ్వొచ్చింది గానీ
కళ్లు తుడుచుకోడంతోనే సరిపోయింది.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు,
కట్టినదాన్ని మార్చి చూడమని ఎవరూ అన్లేదు.
కట్టేవాడికి ఖాళీ స్థలం ఇస్తారు.
నేను వెళ్లేసరికి ఎప్పుడూ
ఎవడో ఒక మేస్త్రి ముందే వచ్చి పోయుంటాడు.
వాడి వంకర మూల,
వాడి పిసినారి సిమెంటు,
ఎందుకు వదిలాడో వాడికే తెలిసిన జానెడు సందు.
వాణ్ణి తిట్టుకుంటూనే
వాడి చేత్తో చెయ్యి కలిపి పని చెయ్యాలి.

వేలి కణుపుతో కొట్టి వింటాను.
టక్కుమంటే ఇటుక.
డొల్లగా పలికితే, మూసేసిన పాత కిటికీ.
ఏ చప్పుడూ రాకపోతే
చెయ్యి వెనక్కి తీసుకుంటాను.
అక్కడ ఎవరో బరువు మోస్తున్నారు.

డాక్టరమ్మ కాయితంలో అసలా గోడే లేదు,
ఇంజనీరు కుర్రాడు రబ్బరుతో చెరిపేశాడు.
"పై అంతస్తు మొత్తం దీని నెత్తిమీదే ఉందమ్మా."
"మరెలా, సుభానీ?"
ఇనుప దూలం, నాలుగు జాకీలు,
పదకొండు రోజులు, ఎనభై వేలు.
ఆవిడ కళ్లు మూసుకుని లెక్క వేసుకుంటుంటే
నేను మళ్లీ తుమ్మాను.

గోడ తప్పింది, దూలం కూచుంది.
రసమట్టంలో బుడగ నడిమికొచ్చి
నిద్రపోయిన పిల్లలా కదలకుండా ఉంది.
ఘాటు మాత్రం పోలేదు.
కడిగాం. సున్నం కొట్టాం. ఆరనిచ్చాం.
ఆరిన గోడ మళ్లీ కోరు కక్కింది.
"మొత్తం ఇటుక దాకా గీకెయ్యండిరా" అన్నాను.

పడమటి గోడకి సున్నం పొరలు రాలుతున్నాయి:
నీలం, గంధం రంగు, మళ్లీ నీలం,
ఆ కింద
బొగ్గుతో గీసిన పద్దు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
టిక్కీలు దించిన ముఠా కూలీ ఎవరో
ఛాతీ ఎత్తున గీసుకుంటూ పోయాడు.
ఆఖరి గుత్తిలో మూడే ఉన్నాయి.

లారీ ఖాళీ అయిందా,
వాన కమ్ముకొచ్చిందా,
బొగ్గు ముక్క అరిగిపోయిందా.
నాలుగో బస్తా కింద
భుజం ఏమైనా జారిందా.
ఏసోబు ఉలి ఎత్తి నా వైపు చూశాడు.

ముప్ఫయ్యేళ్లలో నేను పగలగొట్టనిది లేదు,
పూజగదులు, పురిటిగదులు,
పిల్లల ఎత్తు కొలిచి గీసిన గుమ్మాలు.
పని పని.
అయినా ఆ పూట ఎందుకో
"ఆ అడుగున్నర వదిలెయ్" అన్నాను.
పైన రెండు కోట్లు ప్రైమరు, ఒక కోటు పుట్టీ,
దాని మీద, చూపు పరీక్షకి
పెద్దక్షరం నుంచి చిన్నక్షరం దాకా దిగే బోర్డు.
బిల్లులో దీనికి లైను లేదు.

ఆసుపత్రి బాగా నడుస్తోంది.
ముసురు పట్టిన రోజున మాత్రం
బోర్డు ముందు కూచున్నవాళ్లు
నాలుగో వరుస చదవబోయి తుమ్ముతారట.
ఏసీ ఫిల్టరు పాడైందేమో చూడమని
డాక్టరమ్మ నాకే ఫోను చేసింది.

కొత్తది వేస్తానన్నాను.