ఉసిళ్ల ముడి

దేవరకద్ర దవఖానల కుట్లు వేసే చెయ్యి నాది.
ముడి నాకు కొత్త కాదనుకున్న.

కోయిల్‌సాగర్ కట్ట మీద, తూము పక్కన
బక్కన్న గోనెసంచి పరిచిండు:
తెల్లకోడి మెడ ఈకలు, తేనెమైనం, పట్టుదారం,
కాలి బొటనవేలి సందున బిగించిన గాలం.
"తొలకరికి ఉసిళ్లు లేస్తయి, నీళ్ల మీద రాలుతయి.
చాపకు ఆ ఒక్క పూటే పండుగ.
కడమ పూటలకు మనమే ఉసిళ్లను పుట్టించాలె."

బిగించిన. ఈక నడుమకు తెగింది.
మళ్ల బిగించిన. మళ్ల తెగింది.
"పుండు మీది ముడి వేరు పిల్లా," అన్నడు,
"ఇది ఎగిరేటట్టు కనబడాలె."

మరదలు ఈదమ్మ ఒప్పుకోలె.
"ఎగిరేదాన్ని చాప పట్టదు,
రెక్క ఊడి కొట్టుకునేదాన్ని పడుతది.
ఒక దిక్కు కురుచ చెయ్యి."
ముప్పై ఏండ్ల తగవంట ఇద్దరిది.
నడుమ నా వేళ్లు.

మూడు ఆదివారాలు పోయినయి.
బండి మీంచి పడ్డ పిల్లగాని గదుమకు
సోమవారం పొద్దున కుట్లేస్తుంటే
చేతికి ఇంకా తేనెమైనం వాసన.

నాలుగో వారం దారానికి ఉమ్మి తడి అద్ది
ఊపిరి బిగబట్టకుండ మూడు చుట్లు తిప్పిన.
బక్కన్న మంచిగుందనలె, బాగలేదనలె.
తీసి తంబాకు డబ్బీల వేసుకున్నడు,
తను కట్టిన పదకొండింటి నడుమ.

ఏది నాదో నాకే తెల్వకపాయె.

ఈదమ్మ మెడ సాచి చూసింది:
"ఆ వంకరది పిల్లది.
దాన్నే ముందు వెయ్యి బావా, పొద్దు గుంకుతుంది."