ఎడమ అంచు

నలభై రెండేళ్ళ శనివారాలు వీళ్ళకే ఇచ్చాను.
వడ్డీ సంగతి వదిలెయ్యండి,
అసలే ఇంకా చేతికి రాలేదు.

క్రెయిగ్‌నెస్ రోవర్స్ పేరు మీరు వినుండరు.
స్కాట్లండ్ తూర్పు ఒడ్డున
సముద్రం వైపు గోడ లేని మైదానం మాది.
గురి తప్పితే బంతి హార్బర్‌లో పడుతుంది.
మావాళ్ళ ప్రయత్నాలు చాలామటుకు
అక్కడే, పడవల మధ్య తేలుతుంటాయి.

ఈ ఏడు పంతొమ్మిది ఆటలాడి మూడు గెలిచాం.
అందులో ఒకటి, వాళ్ళ గోల్‌కీపరు మంచులో కాలు జారితే.
గెలుపు గెలుపే. నేనేం తిరిగివ్వలేదు.

కొత్త ఓనరు కుర్చీలకి రంగులు వేయించాడు,
కూలే గోడకి సున్నం కొట్టినట్టు.
జనవరిలో ఆ పదిహేడేళ్ళ పిల్లాణ్ణి అమ్మేశాడు,
గోలుకి దారి తెలిసిన ఒక్కణ్ణీ.
ఆ డబ్బుతో పెద్ద తెర కొన్నాడు.
ఇప్పుడు మా ఓటమి రెండుసార్లు కనిపిస్తుంది,
రెండోసారి నెమ్మదిగా.

మేనేజరు ప్రతి సోమవారం పేపర్లో
"ఇదొక ప్రక్రియ" అంటాడు.
హాడాక్ చేపల్ని పొగబెట్టి బతికేదాన్ని,
ప్రక్రియంటే నాకు తెలుసు.
ఉప్పునీళ్ళలో ఇంతసేపు, ఓక్ పొట్టు పొగలో ఇంతసేపు.
ఆఖర్న నోట్లో పెట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా!

పక్క సీట్లో మోవాట్.
ముప్పై ఏళ్ళయింది, వాళ్ళావిడ పేరు ఇప్పటికీ తెలీదు,
ఆఫ్‌సైడ్ మీద ఆయన నమ్మకాలు మాత్రం నాకు కంఠతా వచ్చు.
తప్పంతా గోల్‌కీపరుదే అంటాడు.
ఇల్లంతా అంటుకున్నాక
చివరి గది గుమ్మంలో నిలబడ్డవాణ్ణి ఏమని తిడతాం?
ఒకప్పుడు ఇద్దరం కప్పు సెమీఫైనల్‌కి కూడా వెళ్ళాం.
ఓడిపోయాంలెండి. అయినా తిరుగు రైల్లో
ఒక్కడూ తల దించుకోలేదు.

నా కోపమంతా ఎడమ బ్యాక్ మీద. కాలమ్ రెన్నీ.
పరిగెడతాడు, కాదనను,
వానలో వదిలిన కుక్కపిల్లలా పరిగెడతాడు.
తీరా గీత దాకా వెళ్ళి, అప్పుడు తలెత్తి చూసి,
బంతిని మొదటి డిఫెండరు మోకాలికి అప్పజెప్పి వస్తాడు
రిజిస్టర్డ్ ఉత్తరం బట్వాడా చేసినట్టు.

మంగళవారం మా కొట్టుకి వచ్చాడు.
టోపీ కళ్ళమీదికి లాక్కుని, వరుసలో ఆఖరున.
స్టాండులోంచి కనిపించేదానికన్నా చిన్నవాడు,
దవడ మీద మొటిమలు.
నాలుగు నెలలుగా నూరుకున్న మాటలు
నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, కత్తి పక్కనే.
"అరకిలో హాడాక్," అన్నాడు.
తూచాను.
"శనివారం వచ్చారా?"
"ఆఁ."
"సారీ."

ఒళ్ళు మండిపోయింది.
ఇన్నేళ్ళలో ఒక్క ఓనరు, ఒక్క మేనేజరు
అనలేదా మాట.
అన్నవాడు వీడా, చిల్లర లెక్క చూసుకుని చేపలు కొనేవాడు!
ఆ సారీని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
పొట్లంలో ఇంకో ముక్క వేశాను.
"తల ముందే ఎత్తు," అన్నాను,
"గీత దగ్గర కాదు. పదడుగుల ముందు."
విన్నాడో లేదో. తలుపు గంట మోగింది, వెళ్ళిపోయాడు.

నిన్న మళ్ళీ వాన. రెండు సున్నా, వాళ్ళకే.
డెబ్బై ఒకటో నిమిషంలో రెన్నీ పరుగందుకున్నాడు.
పదడుగుల ముందు తలెత్తాడు.
నేను చూశాను. మోవాట్ చూళ్ళేదు,
పేపరు కప్పులో సూప్ ఊదుకుంటున్నాడు.
ఎత్తాడు, చూశాడు,
కొట్టాడు.

ఈసారి రెండో డిఫెండరు మోకాలికి.

"వీణ్ణి పీకెయ్యాలి," అన్నాడు మోవాట్.
"సూప్ తాగు," అన్నాను.

వచ్చే ఏటి టికెట్ డబ్బు రేపు కట్టాలి.
మళ్ళీ ధర పెంచారు, దొంగవెధవలు.