బొక్క పడ్డ పిస్టన్

అచ్చంపేట బస్టాండు వెనుక, నా షెడ్డుల,
బిల్లుబుక్కు ఎగిరిపోకుండ పెట్టిన ఈ పిస్టన్ను
వచ్చినోళ్లందరు చేతిలకు తీసుకుంటరు.
ఎవలు కాల్చిండ్రే తుపాకితోని, అంటరు.
చిటికెన వేలు పట్టేంత బొక్క.
అంచులు మైనం లెక్క కరిగి గడ్డ కట్టినయి.

తుపాకి కాదు, పెట్రోలు.
రంగాపూర్ కాడ కిరాణం కొట్టు ముందట
నీళ్ల సీసాలల్ల పోసి అమ్మే పెట్రోలు.
అండ్ల కిరసనాయిలు ఎంతో, అమ్మినోనికే ఎరుక.

కుర్మయ్య సేటు కొత్త బండిది. టర్బో.
గాలిని గుంజి గుంజి
బోరెంల వడ్లు తొక్కినట్టు తొక్కే బండి.
మన్ననూరు చెక్‌పోస్టు దాటి
ఫర్హాబాద్ దిక్కు ఎక్కుతుంటె మొదలైందట చప్పుడు.
ఎట్లుండె సేటూ?
రేకుడబ్బల పల్లికాయ పోసి ఊపినట్టుండె.
మరేం జేసినవ్?
పాట సౌండు పెంచిన.

ఏడ్చి ఏడ్చి పండుకునేటందుకు
అదేమన్న చంటిపిల్లనా!

ఆక్టేన్ అంటె బలమనుకుంటరు అందరు.
పంపు మీద తొంభై ఐదు చూసి
పాలల్ల వెన్న లెక్క సంబురపడతరు.
లతీఫ్ ఉస్తాద్ కాడ చేరిన కొత్తల
నేనూ గంతే.
ఉస్తాద్ ముట్టియ్యని బీడీ చెవు మీద పెట్టుకొని
నవ్విండు.
అది తాకత్ నంబరు కాదు బేటా,
ఎంత నొక్కినా పిలిచేదాంక ఆగే నంబరు.

పిస్టన్ పైకొస్తది.
గాలీ, పెట్రోలు ఆవిరీ
అంగడి నాటి ఆటోల మనుషుల తీరు
ఒకల మీద ఒకలు.
కాక పుడతది.
ప్లగ్గు మెరుస్తది, మంట ఇటుకెల్లి నడుచుకుంట వస్తుంటది.
ఆ మూలకు నక్కిన పిడికెడు ఆవిరి మాత్రం
వంతు రాకముందే అంటుకుంటది.
ఇంగ సుత్తె దెబ్బలే.
నిమిషానికి వెయ్యి.
అల్యూమినియం ఎన్నని ఓరుస్తది?

కొత్త బండ్లకు చెవులుంటయి, నిజమే.
చప్పుడు ఇనంగనే నిప్పును రెండు డిగ్రీలు ఎనుకకు జరుపుకుంటయి,
పవర్ తగ్గినా పానం దక్కించుకుంటయి.
సేటు బండి చెవు వైరు ఎలుక కొరికింది.
పసుపు లైటు వెలిగిందట కూడ.
దాని మీద ఎంకటేశ్వరసామి స్టిక్కరు అంటిచ్చిండు.

వజ్రమ్మ టీచరుది ఇంకో తీరు.
తొంభై ఏడు మాడలు మారుతి.
జీతం పడ్డ నాడు పోయి
కాస్ట్లీ పెట్రోలే నింపిస్తది.
మేడం, ఇది నొక్కేదే తొమ్మిదింతలు,
దీనికి మామూలుదే ఎక్కువ,
తిట్టేటోడే లేని ఇంట్ల ఓర్పు ఎవనికి చూపిస్తరు, అన్న.
ఇనలే.
మెత్తగ నడుస్తున్నట్టు అనిపిస్తది తమ్మీ, అన్నది.
అనిపిచ్చుడుకు నా తాన మీటరు లేదు.
ఊకున్న.

ఉస్తాద్ పాఠం ఒక్కటే ఉండె.
పైలే సున్, ఫిర్ ఖోల్.
స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద, పిడి చెవు కాడ,
కండ్లు మూసుకొని నిలవడేటోడు,
ఆ బక్క మనిషి.
లారోళ్లు హారన్లు కొట్టినా కదిలేటోడు కాదు.

నిరుడు మే నెల. రేకుల కింద మిట్ట మధ్యాహ్నం.
పద్నాలుగు నంబరు పానా పోయింది.
పోరడు యాదిరెడ్డి ఏందో చెప్పబోయిండు,
అన్నా, అది నేను కాదు, ఆ...
అంతే. నా చెయ్యి లేసింది.
తెల్లారి రాలే వాడు.
పానా కుర్మయ్య సేటు డిక్కీల దొరికింది,
నేనే పెట్టి మర్చిపోయిన.

కల్వకుర్తి షోరూముల ఉన్నడట ఇప్పుడు.
చెవు మంచిదట వానిది,
మూత తియ్యకుండనే చెప్తడట.

పనుల్లేని పూట ఈ బొక్కలకెల్లి చూస్త.
రోడ్డు అవతల పంపు, రెండు నంబర్లు,
లైన్ల నిలవడ్డ ట్రాక్టరు కనవడతయి.

ఇదేంది అన్నా, అని అడిగితె
సీస పెట్రోలు, అంట.
ఆడిదాంకనే చెప్త.